పరిగి దారిలో మేము తలుపు తట్టిన ఇళ్లు

మా గల్లీలో ఎవరైనా ఆడమనిషి రెండు రోజులు ఊళ్లో లేకపోతే, తిరిగి వచ్చాక అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ గుడికి పోయినవు? ఎవరి పెండ్లికి పోయినవు? నేను పోయింది గుడికీ కాదు, పెండ్లికీ కాదు, పది సైకిళ్ల వెనుక పరిగి దాకా పోయి వచ్చానని చెప్పగానే పక్కింటి అనసూయ నోట్లో వక్క నమలడం ఆపేసింది. "సైకిళ్ల ఎంబడి నీకేం పనే?" అంది. నాకేం పనో చెప్పాలంటే ముందు మా రజిత సంగతి చెప్పాలి.

రజిత నా చెల్లెలి కూతురు. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో చదువుకుని, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, మాదాపూర్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. ఉండేది మా దగ్గరే, గుడిమల్కాపూర్‌లో. అవి సందు సందుకూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులు వేలాడుతున్న రోజులు. ఆ పిల్లలకు చేతి నిండా జీతం, కాళ్ల నిండా తిమ్మిరి. ఆరు రోజులు కుర్చీలో కూర్చుని, ఏడో రోజు పది మంది కలిసి సైకిళ్లెక్కి ఊరి బయటికి పోయేవారు. రజిత కొన్న సైకిలు ధర విన్న రోజు మా ఆయన వంగి దాని కిందంతా వెతికాడు. "ఇంజన్ యాడున్నదే దీనికి?" అని.

ఆ గుంపుకు పెద్ద కిరణ్ అనే బెజవాడ పిల్లాడు. మెడలో ఈల, చేతికి పెద్ద గడియారం. వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. దారిలో ఎవరైనా చాతకాక వెంట వచ్చే బండి ఎక్కితే ఆ యాత్ర వాళ్ల లెక్కలోకి రాదు. రజిత అప్పటికి రెండుసార్లు బండెక్కింది. ఒకసారి కళ్లు తిరిగి, ఒకసారి పిక్కలు పట్టేసి. వచ్చే నెలలో బీదర్ దాకా నాలుగు రోజుల యాత్ర పెట్టుకున్నారు. పరిగి పోయి, తిరిగి రెండో రోజు పన్నెండు లోపల మెహదీపట్నం చేరినవాళ్లనే బీదర్ తీసుకుపోతానని కిరణ్ చెప్పేశాడు. గుంపులో ఆడపిల్ల రజిత ఒక్కతే.

"ఈసారి గూడ బండెక్కితే సైకిల్ అమ్మేస్త పెద్దమ్మా. ఆడివిల్ల కదా, పోనీ అంటున్నరు. గా మాట వినలేకపోతున్న" అంది.

పిల్ల సరిగా తినక పడిపోతోందని నాకు గట్టి నమ్మకం. ఎవరినైనా చూసి తిండి తక్కువైందని చెప్పడం నాకు అలవాటు. మా ఆయన ట్రాలీ ఆటోలో చేవెళ్ల నుంచి పట్నానికి కూరగాయలు తెస్తుంటాడు. ఆ రెండు రోజులకు ఆ ట్రాలీనే వాళ్లు కిరాయికి మాట్లాడుకున్నారు. బండి మనదైతే వంట కూడా మనదే అని నేనూ ఎక్కేశాను. ఒక గిన్నెడు పులిహోర, రెండు డబ్బాల నువ్వుల లడ్డూలు, సకినాలు, పెద్ద క్యానులో ఉప్పేసిన చల్ల, రెండు గెలల అరటిపండ్లు. ఇంత తిండి ఉండగా పిల్ల ఎట్లా పడిపోతుందో చూస్తాననుకున్నాను.

మొయినాబాద్ చాయ్

మాఘమాసం చలి. చీకటి విడుస్తుండగా బయలుదేరి, ఎండ ఎక్కకముందే మొయినాబాద్ చేరాం. ఆ దారి నాకు కొత్త కాదు, కానీ చూసిన ప్రతిసారీ కొత్తగానే ఉండేది. నిన్న జొన్నచేను ఉన్న చోట ఇవాళ తెల్లరాళ్లు పాతి ఉంటాయి. కాలేజీ బోర్డు పక్కన ప్లాట్ల బోర్డు, దాని పక్కన ఫామ్‌హౌస్ గోడ. గోడ లోపల ఏముందో ఊరివాళ్లకే తెలియదు.

రోడ్డు పక్కన పాషా భాయ్ హోటల్లో చాయ్ రెండు రూపాయలు. మా గల్లీలో కూడా అంతే, కానీ ఇక్కడ గ్లాసు నిండుగా పోస్తారు, మీగడ ముక్క కూడా వేస్తారు. సైకిలు పిల్లలు చాయ్ తాగే తీరు చూసి నాకు నవ్వొచ్చింది. ఒక్కరూ కూర్చోరు. ఒక కాలు నేల మీద, ఒక కాలు సైకిలు మీద పెట్టి, ఒక చేత్తో అరటిపండు, ఒక చేత్తో గ్లాసు. కూర్చుంటే కాళ్లు మొండికేస్తాయట. ఎక్కడ ఆగినా పది నిమిషాలే. పదో నిమిషం కాగానే కిరణ్ ఈల వేస్తాడు.

పాషా భాయ్ గల్లా పెట్టె మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా, బస్సు కిరాయి లేకనా వీళ్లు?" అని అడిగాడు.

"ఉన్నోళ్లే భాయ్. నౌకరీలు చేస్తున్నరు."

"మరి జర సమజ్ చెయ్యి నాకు. పైసలు పెట్టి తకలీఫ్, తిప్పలు కొనుక్కుంటరా ఎవరన్న?"

నేను ఇంకో గ్లాసు పోయమన్నాను. మగపిల్లలు ఇద్దరు ముగ్గురు చొప్పున హోటలు వెనుక గోడ దగ్గరికి పోయి వస్తున్నారు. రజిత రెండు గుక్కలు తాగి, ఎవరూ చూడడం లేదనుకుని మిగిలిన చాయ్ మట్టిలో ఒంపేసింది. నేను చూశాను. చాయ్ నచ్చలేదనుకున్నాను. నా బుద్ధికి అంతే తోచింది.

చేవెళ్లలో నిండు సీసా

చేవెళ్ల మా ఆయనకు అత్తగారిల్లు లాంటిది. పదిహేనేళ్లుగా కూరగాయలకు పోతున్నాడు కాబట్టి బజారులో ప్రతి ఇద్దరిలో ఒకరు పలకరిస్తారు. "ఏం అన్నా, ఇయ్యాల వదినెను ఎక్కిచ్చుకొచ్చినవ్, క్యారెట్ ఏడ ఎక్కిస్తవ్?" అని ఒకాయన. "క్యారెట్ మాట్లాడదు, ఈమె మాట్లాడుతది. తోడుంటదని తెచ్చిన" అని ఈయన. నలుగురి ముందు నన్ను అన్నందుకు ఆయనకు చల్ల పోయలేదు.

ఊరు దాటాక చెట్ల కింద బండి ఆపాం. సైకిళ్లు ఒకటొకటిగా వచ్చాయి. రజిత ఆఖరున వచ్చింది. పెదవులు పొట్టు లేచి తెల్లగా ఉన్నాయి. సైకిలు దిగి చెట్టుకు ఆనుకుని నిలబడింది. నేను పులిహోర పెట్టాను. రెండు ముద్దలు తింది. చల్ల గ్లాసు ఇస్తే పెదవులు తడుపుకుని తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు నా కన్ను దాని సైకిలుకు తగిలించిన నీళ్ల సీసా మీద పడింది. పొద్దున్నే నా చేతితో నింపింది. మూత దాకా అట్లాగే ఉంది.

చెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయాను. "ఏమైంది బిడ్డా? నీళ్లెందుకు తాగుతలేవు?"

"దూప లేదు పెద్దమ్మా."

"నాకు చెప్పకు. నాలుక చూపియ్యి."

చూపించలేదు.  ఆ తర్వాత చిన్నగా అంది. "తాగితే ఎట్ల? వాళ్లు గోడ ఎనకకు పోతరు, చెట్టు ఎనకకు పోతరు. నేనేడికి పోవాలె? నిన్న రాత్రి అన్నం తిన్నప్పటి సంది తాగలే. పోయిన రెండుసార్లు గూడ గిట్లనే."

నాకు ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. నలభై ఏళ్లుగా నేను బస్సెక్కే ముందు రోజు చేసేది అదే. పెండ్లికి పోయినా, దవాఖానకు పోయినా, ముందు రోజు మాపటి నుంచి నీళ్లు తగ్గించడం. మా అమ్మ అట్లాగే చేసింది, నేను అట్లాగే చేశాను, ఎవరూ నేర్పకుండానే ఈ పిల్ల అట్లాగే చేస్తోంది. అది తెలియనట్టు నేను పిల్లకు ఉప్పు పులిహోర మీద ఉప్పు సకినాలు పెడుతున్నాను. దాహం పెంచే తిండి పెట్టి, తిండి తక్కువైందని అనుకుంటున్నాను.

"ఇప్పుడు రెండు గ్లాసులు చల్ల తాగు. ఆలూరుల నీకు జాగ చూపిచ్చే పూచీ నాది" అన్నాను.

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే నా చీరె ఇప్పి నీ సుట్టు గోడ కట్టి నిలవడ్త."

పిల్ల నవ్వింది. నవ్వి, కళ్లు మూసుకుని, రెండు గ్లాసులూ మందు తాగినట్టు తాగింది. అది చూశాక నాకు కాళ్లు ఆగలేదు. మా ఆయన దగ్గరికి ఉరికాను.

"బండి తియ్యి. ఆలూరు పోదాం."

"ఆలూరుల ఆగుడు లేదే. కాయితంల మన్నెగూడ రాసున్నది."

"కాయితం నీ దగ్గర పెట్టుకో. బండి తియ్యి."

ఆలూరులో రెండు ఇళ్లు

మొదటి ఇంటి ముందు ఒకామె చింతకాయల కుప్ప ముందు కూర్చుని కట్టెతో పెంకు కొడుతోంది. పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. నేను రోడ్డు దిగి వచ్చేసరికి ముందు నీళ్లు తెచ్చి ఇచ్చింది, తర్వాతే ఎవరని అడిగింది. మా దిక్కు కూడా అంతే. నేను సంగతి చెవిలో చెప్పాను.

ఆమె కట్టె పక్కన పెట్టింది. "మాకే లేదక్కా. మేం తెల్లారకముందు పోతం, లేకుంటే పొద్దుగూకినంక. నడుమ పోతే అందరు చూస్తరు." ఆమె వేలు పెట్టి రోడ్డుకు అవతల రెండంతస్తుల ఇల్లు చూపించింది. "పటేలమ్మ ఇంట్ల ఉన్నది. నిరుడే కట్టిన్రు, నున్నటి బండలేసి. ఎనిమిదేండ్ల సంది వాళ్ల చేండ్లకు పోతున్న గానీ నేనెన్నడు అడగలే. రా, నేను గూడ వస్త."

ఆ ఇంటి ముందర కుర్చీలు వేసుకుని ఐదారుగురు పెద్దమనుషులు రాజకీయం మాట్లాడుతున్నారు. తెల్లచొక్కా ఆయన, ఇంటి యజమాని, నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఎవలమ్మా? పింఛన్ కోసమా?"

"కాదయ్యా. పటేలమ్మతోని జర పనుండే."

"నాతోని చెప్పు. ఆమె వేరే, నేను వేరేనా?"

ఐదుగురూ తల ఊపారు. సైకిళ్లు రావడానికి పావుగంట కూడా లేదు. అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట నోట ఎట్లా రావాలి? "ఇది ఆడోళ్ల ముచ్చటయ్యా" అన్నాను. అంతే, ఐదుగురూ ఒక్కసారిగా ఐదు దిక్కులు చూశారు. తలుపు తెరుచుకుంది.

పటేలమ్మ పేరు వినోదమ్మ, వంటింట్లో రొట్టెలు చేస్తోంది. చేతులకు జొన్నపిండి. నేను చెప్పింది విని పెనం మీది రొట్టె తిప్పేసి నా వైపు తిరిగింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"నేను ఐదేండ్లు సర్పంచ్ చేసిన, తెలుసా?" అంది. "ఆడోళ్ల సీటు వచ్చింది, నన్ను నిలవెట్టిన్రు, గెలిచిన. మీటింగులకు మాత్రం ఆయననే పోయేది. నాకు మాట్లాడరాదని అందరు అనుకున్నరు. నాకు మాట్లాడొస్తది అక్కా. పొద్దుగాల పోతే మాపటిదాంక మొగోళ్ల నడుమ ఆపుకొని కూసోవాలె. రెండుసార్లు పోయిన, మూడోసారి కడుపుల నొప్పి లేసింది. ఇగ పోలే. గా ముచ్చట ఎవనికి చెప్పాలె?"

తడిచేతిని కొంగుకు తుడుచుకుని, "పిల్లను దోలుకరా" అంది.

రోడ్డు మీద నిలబడి, సైకిళ్లు రాగానే చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపి, రజితను లోపలికి తెచ్చాను. వినోదమ్మ దాన్ని వెనుక దొడ్డిలోకి తీసుకుపోయింది. తిరిగి వచ్చినప్పుడు దాని ముఖం కడిగిన కంచంలా మెరుస్తోంది. ఇక పోదామని లేచాను. వినోదమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రొట్టె కాలేటప్పుడు వచ్చి, తినకుండ పోతరా? నన్నేమనుకుంటరు?"

బయట ఈల మోగింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగాక కిరణ్ తానే వాకిట్లోకి వచ్చాడు. "ఆంటీ, టైమ్ అయిపోతోందండీ. పది నిమిషాలు దాటింది."

వినోదమ్మ వేడి రొట్టె చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. "ఏం బిడ్డా, పోలీసోని లెక్క ఊదుతున్నవ్? ఈల పక్కకు పెట్టు. రొట్టె పట్టు."

కిరణ్ రొట్టె పట్టుకున్నాడు. పట్టుకున్నాక తినక తప్పలేదు. తిన్నాక కూర్చోక తప్పలేదు. పది మంది సైకిలు పిల్లలు పెద్దమనుషుల కుర్చీల్లో, అరుగు మీద, మెట్ల మీద కూర్చుని జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు తిన్నారు. మా దిక్కు మక్కజొన్న సంకటి లాంటి గటక ఎక్కువ, రొట్టె ఇంత పలుచగా రాదు మాకు. ఇక్కడి రొట్టె మడిస్తే మడుచుకుంటుంది, విరగదు. తెల్లచొక్కా ఆయన లేచి నిలబడి, పట్నం పిల్లలు పల్లెకు రావడం గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చప్పట్లు కొట్టేదాకా ఆపలేదు.

బాలమణి వాకిట్లో ఒక మూల నిలబడే ఉంది. వినోదమ్మ ఆమెకు రొట్టె అందిస్తూ, "నువ్వెందుకు ఎన్నడు అడగలేవే?" అంది.

"మీరెన్నడు చెప్పలే పటేలమ్మా."

వినోదమ్మ ఆమె రొట్టె మీద ఇంకొంచెం కూర వేసింది. "రేపటి సంది అడగకు. దొడ్డి తలుపు తీసే ఉంటది, పో" అంది.

పరిగిలో మధ్యాహ్నం

నలభై నిమిషాలు ఆలస్యం. కిరణ్ ముఖం మాడ్చుకుని బయలుదేరాడు. కానీ మన్నెగూడ దాటాక చూస్తే అతనే ముందు ఉన్నాడు, ఈల పాట పాడుతున్నాడు. రజిత ఆఖరు నుంచి ఆరో స్థానానికి వచ్చింది. దారిలో రెండుసార్లు సీసా ఎత్తి తాగడం నేను బండిలోంచి చూశాను. చూసిన ప్రతిసారీ మా ఆయన భుజం గిల్లాను. "ఆమె తాగుతుంటే నన్నెందుకు గిల్లుతున్నవే?" అని ఆయన గోల.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా పరిగి చేరాం. బస ఒక ఫంక్షన్ హాల్లో. పెండ్లిళ్లు లేని రోజు కాబట్టి పందిరి చాపలన్నీ మావే. ఎదురుగా చిన్న హోటల్లో పప్పన్నం పదిహేను రూపాయలు, వేసినంత వేస్తారు. ఆ దిక్కు కందిపప్పు రుచి మా పట్నం పప్పుకు లేదు. గంటె తిప్పితే వాసన రోడ్డు దాటుతుంది. రజిత మూడుసార్లు వడ్డించుకుంది. కిరణ్ చూసి, "ఇన్నాళ్లూ ఏం చేశావ్?" అని నవ్వాడు.

"అలిసిపోయిన" అంది రజిత. అసలు కారణం అతనికి చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు.

హాల్లో చాపల మీద పడుకున్నాక అది నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, రేపు గూడ నువ్వు ముందుకు పోతవు కదా?"

"పోతనే. ఎంకపల్లి మలుపు కాడ ఆగాలని రాసున్నది. నీకన్న ముందు ఆడ ఇల్లు చూసి పెడ్త. నువ్వు మంచిగ తాగు."

నేను ఇచ్చిన మాట మీద పిల్ల నిద్రపోయింది.

ఆగిపోయిన బండి

రెండో రోజు పొద్దున ఆలూరులో మళ్లీ ఆగాం. వినోదమ్మ రాగి అంబలి కాచి పెట్టింది. ఈసారి కిరణ్ ఈల జేబులో వేసుకునే వచ్చాడు. రజిత రెండు లోటాలు అంబలి తాగి, మీద చెంబెడు నీళ్లు తాగింది. "ఇగ ఎంకపల్లి దాంక ఫికర్ లేదు" అని నా వైపు కన్ను గీటింది. సైకిళ్లు ముందు పోయాయి. వాటిని దాటి ముందుకు పోవాలని మేమూ బయలుదేరాం.

అర కిలోమీటరు పోయామో లేదో, టప్‌మని చప్పుడు. బండి గింజుకుని ఆగిపోయింది. క్లచ్ వైరు తెగింది.

"ఎంతసేపు?" అన్నాను.

"చేవెళ్ల నుంచి వైరు రావాలె. గంట అనుకో, గంటన్నర అనుకో."

గంటలో రజిత ఎంకపల్లి మలుపు చేరుతుంది. కడుపు నిండా అంబలి, నీళ్లు. నేను ఉంటానని నమ్మి తాగింది. సెల్‌ఫోను తీస్తే సిగ్నల్ లేదు, ఉన్నా సైకిలు తొక్కే పిల్ల ఎత్తేది లేదు. అక్కడ ఎవరూ లేరని చూసి పిల్ల ఏం చేస్తుంది? ఓర్చుకుని తొక్కితే పట్నం దాకా కష్టం. ఓర్చుకోలేక ఎవరి మోటారులోనో ఎక్కితే యాత్ర పోయినట్టే, బీదర్ పోయినట్టే. పడిపోతే తప్పు నాది.

రోడ్డు మీద వస్తున్న షేర్ ఆటోకు చెయ్యి అడ్డం పెట్టాను. ఏడుగురు ఎక్కే ఆటోలో పన్నెండు మంది ఉన్నారు. పదమూడోదాన్ని నేను, నా ఒడిలో చల్ల క్యాను. చేవెళ్ల దాటాక ఒక గుంతలో ఆటో ఎగిరింది, క్యాను మూత ఎగిరింది, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ధోవతి మీద చల్ల పడింది.

"ఏం తల్లీ, నన్ను తోడువెడ్తవా ఏంది?" అని ఆయన గర్జించాడు.

"తప్పైంది బాపు. బిడ్డ కోసం పోతున్న."

"కాన్పా?"

"కాదు బాపు. సైకిల్."

ఆటో అంతా నవ్వింది. పెద్దాయన ధోవతి పిండుకుంటూ తానూ నవ్వాడు. డ్రైవరు మాత్రం ఎవరు చెయ్యి ఎత్తినా ఆపుతున్నాడు. మొయినాబాద్ దాటి ఇంకా ఎంత దూరమని నేను ఐదుసార్లు అడిగి ఉంటాను.

ఎంకపల్లి మలుపు

దిగేసరికి చెట్టు కింద తొమ్మిది సైకిళ్లు కనిపించాయి. పదోది లేదు. కిరణ్ గడియారం చూసుకుంటున్నాడు.

"రజిత ఏది?" అన్నాను.

"ఇందాక ఇక్కడే ఉందండీ. మీ బండి కోసం అటూ ఇటూ చూసింది. చెప్పకుండా ఊళ్లోకి వెళ్లిపోయింది. ఇంకో ఐదు నిమిషాలు చూసి బయల్దేరిపోతాం ఆంటీ, అందరికీ లేటవుతోంది."

క్యాను అతని చేతిలో పెట్టి ఊరి దారి పట్టాను. నడక కాదు, ఉరుకే. రెండో సందు మలుపులో ఒక పెంకుటింటి గోడకు రజిత సైకిలు ఆనించి ఉంది. లోపల నుంచి ఆడవాళ్ల నవ్వులు. తొంగి చూశాను. వాకిట్లో చామంతి పూలు కుప్పలుగా పోసి ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్లు పూలు గంపల్లోకి ఎత్తుతున్నారు. ఎనభై ఏళ్ల అవ్వ ఒకామె రజిత హెల్మెట్ నెత్తిన పెట్టుకుని పట్టీ బిగించుకుంటోంది. ఆమె పక్కన పీట మీద రజిత, చేతిలో చెంబు.

"వచ్చినవా పెద్దమ్మా!" అంది. "బండేది?"

నేను గసపోసుకుంటూ గుమ్మానికి ఆనుకున్నాను. అవ్వే అందుకుంది.

"నీ బిడ్డనా? బలే పిల్లనే. తలుపు కొట్టి నీళ్లు అడిగింది. ఇచ్చిన. తాగలే. చెంబు పట్టుకొని గట్లనే నిలవడ్డది. ఏందే పిల్లా, నీళ్లల్ల ఏమన్న పడ్డదా అన్న. ‘లేదవ్వా, తాగుత. తాగినంక పోనీకి జాగ ఉన్నదా మీ ఇంట్ల?’ అన్నది." అవ్వ బోసినోటితో నవ్వింది. "నా పానంల గిట్ల ముఖం మీద అడిగినోళ్లను చూడలే."

"జాగ ఉన్నదా మరి?" అన్నాను.

పూలు ఎత్తుతున్న కోడలు తల ఎత్తింది. నా వయసులో సగం ఉంటుంది. "ఉన్నది గానీ లేదు. రెండేండ్ల కింద రోడ్డు మీది మడి అమ్మినప్పుడు కట్టిన్రు. కట్టిన నాటి సంది దాన్ల పూల గంపలు, మందు డబ్బాలు పెట్టిన్రు. మేం చెల్కలకే పోతం. ఇయ్యాల ఈ అక్క అడిగినంక ముగ్గురం కలిసి అన్ని బయట పడేసినం." దొడ్డి గోడ పక్కన గంపలు, డబ్బాలు, ఒక విరిగిన మంచం కుప్పగా పడి ఉన్నాయి.

"మా ఆయనొచ్చి మళ్ల లోపట పెడ్తడు" అంది రెండో ఆమె.

"పెడితే నేను తీస్త" అంది కోడలు. "ఎన్నిసార్లు పెడ్తడో చూస్త."

దూరంగా ఈల మోగింది. రజిత ఆ చెంబెడు నీళ్లూ తాగి, అవ్వ నెత్తి మీది హెల్మెట్ తీసుకుని సైకిలెక్కింది. కోడలు కుప్పలోంచి ఒక చామంతి తీసి దాని సైకిలు హ్యాండిలుకు చెక్కింది. నేను వెనుక నడిచి వచ్చేసరికి పది సైకిళ్లూ పట్నం దిక్కు పోయాయి. నేను మళ్లీ ఒక షేర్ ఆటో ఎక్కాను. ఈసారి నా ఒళ్లో ఉన్నది పిల్లలు తాగి చెట్టు కింద పెట్టిపోయిన ఖాళీ క్యానే.

మెహదీపట్నం

లంగర్‌హౌజ్ దగ్గర మా ఆటో సైకిళ్లను అందుకుంది. బస్సుల మధ్యలో రజిత మూడోదిగా పోతోంది. ఆటోలోంచి పేరు పెట్టి అరిచాను. వినపడలేదు. పన్నెండు కావడానికి పావుగంట ఉందనగా మెహదీపట్నంలో కిరణ్ ఒక్కొక్కరి పేరు పక్కన గీత పెట్టాడు. రజిత పేరు పక్కన రెండు గీతలు పెట్టాడు. ఎందుకని ఒకడు అడిగితే, "రెండుసార్లు ఆగిపోయింది కదా, వాటికి కూడా" అన్నాడు.

తర్వాత బీదర్ కాగితం తీసి ఫుట్‌పాత్ మీద పరిచాడు. ఎక్కడెక్కడ ఆగాలో రాసి ఉంది. పెట్రోలు బంకు, ధాబా, పెట్రోలు బంకు, ధాబా. "ఆంటీ, మీరు కూడా రావాలి. నిన్న ఆలూరులో ఆగాకే అందరూ బాగా తొక్కారు. అక్కడ కూడా ముందుగా వెళ్లి ఇళ్లు చూడాలి" అన్నాడు. ఇళ్లు ఎందుకు చూశామో అతనికి అప్పటికీ తెలియదు.

రజిత కాగితం మీదికి వంగింది. "కిరణ్, ఇవన్ని మగోళ్లు ఆగే జాగలు. నేను నీళ్లు తాగక రెండుసార్లు పడిపోయిన, తాగితే పోనీకి జాగ లేక. గా సంగతి నీకు చెప్పనీకి సిగ్గైంది. ఇప్పుడు చెప్తున్న. బంకులు కొట్టేయ్. ఊర్ల పేర్లు రాయి."

చుట్టూ ఉన్న మగపిల్లలు తలలు దించుకున్నారు. కిరణ్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ముందే చెబితే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. పెట్రోలు బంకులు రెండూ కొట్టేశాడు.

"సరే. ఊళ్లు రాస్తాను. మరి ఇళ్లెవరు అడుగుతారు? ఆంటీ రాకపోతే?"

"పెద్దమ్మ వస్తే మంచిదే, తిండికి తిప్పలుండదు. ఇండ్లు మాత్రం నేనే అడుగుత."

అతను రాస్తుంటే నేను తలకిందులుగానే కూడబలుక్కుని చదివాను. పటాన్‌చెరు. సంగారెడ్డి. సదాశివపేట. జహీరాబాద్. మధ్యలో ఇంకా రెండు చిన్న ఊళ్లు. ఒక్క ఊళ్లోనూ మాకు తెలిసిన ముఖం లేదు, తెలిసిన గుమ్మం లేదు. రజిత వాటినొకసారి చూసి, సైకిలు మళ్లించి, "ఆకలైతున్నది పెద్దమ్మా, ఇంటికి పోదాం" అంది.